సర్కారు వారి ఆడబిడ్డ

రాజధాని,
హాస్టల్, ఆరో అంతస్తు.

వదినకి,

ఉత్తరం ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని అన్నయ్య నేర్పాడు. నీ వైపు సంగతి తెలియకుండా అలా రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి, నా వైపు మట్టుకు కుశలం.

ఫోనుండగా ఈ కాగితాలేమిటి అంటావేమో. ఆ ఫోను సర్కారు ఆఫీసుది. "తిన్నావా" అని పంపినా నీకంటే ముందు ఇంకెవరో చదువుతారు. ఆదివారాలు మమ్మల్ని బట్టల మార్కెట్‌కి వదులుతారు. అక్కడ లారీలోంచి మూటలు దింపుతూ మన వీధి బాబాయి కనిపించాడు. చూడగానే నాకు ఏడుపొచ్చింది, ఆయనకి తుమ్మొచ్చింది. ఇక నుంచి ఆయనే మన పోస్టాఫీసు. నువ్వు రాసేది మాత్రం ఏదైనా కోటు కుట్టి దాని లైనింగులో పెట్టి పంపు. గేటు దగ్గర మూటలు విప్పి చూస్తారు గానీ కుట్లు విప్పి చూడరు.

మా అంతస్తులో గదికో అమ్మాయి. ఒక్కో అమ్మాయిది ఒక్కో జాతి. ఈ వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిస్తే దేశంలో చిన్న జాతులెన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. అందరికీ ఒకే రకం మంచం, ఒకే రకం గుండ్రటి దీపం. బట్టలే వేరు. నావి చూస్తే నువ్వు కత్తెర పట్టుకుని వెంటపడతావు. టోపీకి ఈకలు! "మా వాళ్ళు ఈకలు పెట్టుకోరండీ" అన్నాను. "కెమెరాకి బాగుంటాయమ్మా" అంది మేడం. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు నవ్వు మేడం. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి "నవ్వమ్మా, పళ్ళు కనపడాలి" అంటూనే ఉంటుంది. పళ్ళ డాక్టరు కూడా అన్నిసార్లు అడగడు.

వీడియోల్లో చేసేవి మాత్రం ఇంటి దగ్గర చేసినవే. కోళ్ళని తిట్టడం, పక్కింటావిడలా నడవడం. చివర రెండు ముక్కలు వాళ్ళు రాసిస్తారు, అవి చెప్పాలి. లక్షలమంది చూస్తున్నారు వదినా! మార్కెట్‌లో ఇద్దరు ముగ్గురు గుర్తుపట్టి నాతో ఫోటో దిగారు.

అన్నయ్య గురించి అడిగాను. "నీ పని నువ్వు బాగా చెయ్యి, ఆయన సంగతి మేం బాగా చూసుకుంటాం" అంది మేడం. అందుకని బాగా చేస్తున్నాను. అమ్మకి నా వీడియోలు చూపించు. నువ్వూ చూడు. చూసి తిట్టకు.

నీ మరదలు

* * *

ఇల్లు,
కుట్టు కొట్టు.

మరదలు పిల్లకి,

తిట్టకు అన్నావు. కడుపునొప్పి అని ముందే చెప్పి పెరుగంతా తినేసినట్టుంది. చదువు మరి.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మొగుణ్ణి వాళ్ళు పట్టుకుపోయారు. మిగిలిన ఆ సగం కూడా ఇప్పుడు వాళ్ళ ఫోన్‌లోకి ఎక్కి పళ్ళికిలిస్తోంది. ఇక నాకు దక్కిందేమిటి, కుట్టుమిషనూ మీ అమ్మా.

"రెండు ముక్కలు" అని తేలిగ్గా రాశావు. ఆ ముక్కలేమిటో నువ్వు రాయలేదు, నేను విన్నాను. "మా ఊళ్ళో బడిలో మా భాషలోనే పాఠాలు చెబుతారు, మాకు ఏ లోటూ లేదు." అత్తయ్య ఫోను కళ్ళకి ఆనించుకుని చూసి, "పిల్ల చిక్కిందే" అంది. నువ్వు మాట్లాడింది సర్కారు భాష, ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంటోంది?" అని అడిగింది. "మన బడి గురించి చెబుతోందత్తయ్యా" అన్నాను. "తెరిచారా?" అంది. ఆ గొంతులో ఆశ విన్నాక నాకు నీ మీద ఎంత కోపం రావాలో అంతా వచ్చింది.

తెరవలేదమ్మా. తాళం అలాగే ఉంది. బోర్డు మీద మన అక్షరాలకి సున్నం కొట్టారు. మా చంటిది ఇప్పుడు సర్కారు బడికి వెళుతోంది. పక్కపిల్లని మన మాటలో రబ్బరు అడిగిందని మెడలో పలక తగిలించి వరండాలో నిలబెట్టారు. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా నోరు మెదపలేదు. ఆ పలక ఇంకా ఉందేమో అని మెడ తడుముకుంటోంది.

మీ అన్నయ్యని ఎందుకు తీసుకెళ్ళారో నీకు తెలిసినట్టు లేదు, చెబుతాను. బడి మూశాక పిల్లల్ని నా కత్తిరింపు బల్ల చుట్టూ కూర్చోబెట్టి చెప్పేవాడు. పాఠం మధ్యలో వచ్చారు. "చేతులు కడుక్కుని వస్తాను" అంటే ఒప్పుకోలేదు, సుద్ద చేతులతోనే జీపెక్కాడు. "శిక్షణ కోసం" అన్నారు. ఊరందరికీ అక్షరం నేర్పిన మనిషికి వీళ్ళు ఇచ్చే శిక్షణేమిటో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నేను మూడు ఆఫీసులు తిరిగాను. ఒక చోట కుర్చీ వేశారు, ఒక చోట వెయ్యలేదు, తేడా అంతే.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. నువ్వు ఆ పల్లకీకి కట్టిన పువ్వువి. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు రాదు.

కోటు వేసుకో. అక్కడ చలి ఎక్కువట.

వదిన

* * *

రాజధాని,
అదే గది.

వదినా,

కోటు సరిగ్గా సరిపోయింది. ఉత్తరం సరిపోలేదు.

నువ్వు ఇంట్లో కూర్చుని నన్ను తిట్టగలవు. నేనిక్కడ ఏం చెయ్యాలో కూడా చెప్పు మరి. "చెప్పను" అంటే ఏమవుతుందో నేను చూశాను. మా ఎదురు గది అమ్మాయి, సరస్సు వైపు వాళ్ళది, మంచి గొంతు, పాటల పిల్ల అనేవాళ్ళం. ఒకరోజు, "మా వాళ్ళని సరస్సు ఒడ్డు నుంచి ఖాళీ చేయించారు, చేపలు పడుతున్నట్టు నేను పాడను" అంది. మర్నాటికి గది ఖాళీ. మంచం మీద పక్క కూడా తీసేశారు. కానీ వదినా, ఆ పిల్ల ఖాతా ఇప్పటికీ నడుస్తోంది. పాత వీడియోలు కోసి, అతికి, రోజుకొకటి వేస్తున్నారు. మనిషి ఎక్కడుందో తెలియదు, నవ్వు మాత్రం రోజూ పొద్దున్నే వస్తుంది. కింద జనం "ఎంత బాగున్నావో" అని రాస్తుంటారు.

ఇంకో సంగతి. అన్నయ్యని చూశాను. ఎదురుగా కాదు, మేడం ల్యాప్‌టాప్‌లో. తెల్లగోడ ముందు కూర్చున్నాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు, మన ఇంట్లో ఎప్పుడైనా పెట్టుకున్నాడా? "నేను కులాసాగా ఉన్నాను, వడ్రంగం నేర్చుకుంటున్నాను, ప్రభుత్వానికి కృతజ్ఞుణ్ణి" అన్నాడు. అంతా సర్కారు భాషలోనే. మన మాట ఒక్కటి కూడా లేదు. బాగా తగ్గాడు. ఇది ముందే నీకు రాయాల్సింది. రాయడానికి చెయ్యి రాలేదు.

మేడం ఏమందంటే, విదేశాల వాళ్ళు మా వీడియోల కింద "ఇదంతా నాటకం" అని రాస్తున్నారట. అందుకని ఈసారి మన ఊరి నుంచే, కోతలూ అతుకులూ లేకుండా, లైవ్ పెడతారట. జనం చూస్తుండగానే నేను మన వీధిలో నడవాలి, బడి చూపించాలి, మనవాళ్ళతో మన భాషలో మాట్లాడించాలి. అది బాగా జరిగితే అన్నయ్యని ఇంటికి పంపిస్తామని మాటిచ్చింది.

నీకు దణ్ణం పెడతాను. ఆ ఒక్క పూట ఓర్చుకో. నన్ను తరవాత ఎంత కావాలంటే అంత తిట్టు, అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని మరీ తిట్టు.

మరదలు

* * *

ఇల్లు.

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గుండీల సంగతి దగ్గర ఆగిపోయాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పై గుండీకి కాజా కుట్టడం కూడా మానేశాను నేను. అంటే ఆ చొక్కా వాళ్ళదన్నమాట.

ఇక్కడ మీ లైవ్ ఏర్పాట్లు పెళ్ళివారింటిని మించిపోయాయి. రంగులవాళ్ళు వచ్చారు. ఇళ్ళకి వీధివైపు గోడకి మాత్రమే రంగు వేశారు. పక్కగోడ సంగతి అడిగితే "అటు కెమెరా రాదు" అన్నారు. మంగలి వాళ్ళ గోడ కూలి నెలయింది, దానికి అడ్డంగా పువ్వుల తడిక పెట్టారు. బడి తాళం తీశారు! బోర్డు మీద మళ్ళీ మన అక్షరాలు రాశారు. ఎవరు రాశారో, మధ్య అక్షరం తిరగేసి ఉంది. మీ అన్నయ్య చూస్తే బోర్డుకే బెత్తం దెబ్బలు వేసేవాడు.

నాకూ పని అప్పజెప్పారు. వీధిలో ఆడవాళ్ళందరికీ ఈకల టోపీలు కుట్టాలట. ఒక కుర్రాఫీసరు బొమ్మ తెచ్చి చూపించాడు. "ఇవి మా బట్టలు కావు బాబూ" అన్నాను. "మీ బట్టలేవో మాకు పైనుంచి వచ్చాయమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక కొలతలు తీసుకుంటానని చెప్పి పంపేశాను. ఆ వంకన ఇల్లిల్లూ తిరిగాను. నడుం కొలుస్తూ ఒక్కొక్కరితో మాట్లాడాను. దర్జీ టేపు పట్టుకుని వస్తే ఎవరూ అనుమానించరు కదా.

అందరం ఒక మాట అనుకున్నాం. నీకు చెప్పకుండా చెయ్యడం నాకిష్టం లేదు కాబట్టి రాస్తున్నాను. టోపీలు పెట్టుకోమంటే పెట్టుకుంటాం. నిలబడమంటే నిలబడతాం. కానీ కెమెరా ముందు మన భాషలో ఒక్కరూ నోరు విప్పరు. బడిలో పనికిరాని మాట, పిల్ల మెడలో పలకైన మాట, వాళ్ళ తమాషాకి మాత్రం పనికొస్తుందా? పిల్లలక్కూడా చెప్పాం. కూరలమ్మే ఆవిడ అంది, "నేను పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి, ఎలా మూసుకోవాలో కాస్త చెప్పండర్రా" అని.

మీ అన్నయ్య సంగతి అంటావు. నేను ఆలోచించలేదనుకుంటున్నావా? ఆయన లేని మంచం మీద పడుకునేది నేను. వాళ్ళ మాటల్ని నమ్మి మన మాట అమ్ముకుంటే, రేపు ఆయన గుమ్మంలో నిలబడి "నన్ను దేనికి తీసుకెళ్ళారో గుర్తుందా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రా. ముఖం చూడాలని ఉంది.

వదిన

* * *

జిల్లా కేంద్రం,
ప్రభుత్వ అతిథి గృహం.

వదినా,

ఈ ఉత్తరం ఇక్కడ గదులు ఊడ్చే ఆవిడ చేతికిస్తున్నాను. ఆవిడ కూడా మనలాంటిదే, వేరే జాతి. నాకు ఆవిడ మాట రాదు, ఆవిడకి నా మాట రాదు. చీపురు గోడకి ఆనించి నా చెయ్యి పట్టుకుంది. అంతే, నమ్మేశాను.

ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నావు. కానీ వీధికి అవతలి వైపు నిలబెట్టారు కాబట్టి మా మధ్య మాటలు నీకు వినపడి ఉండవు. అందుకని చెబుతాను.

బడిలో పిల్లలు నోరు విప్పకపోయేసరికే మేడం ముఖం మాడింది. "సిగ్గుపడుతున్నారు పాపం" అని కెమెరాకి చెప్పించింది నాచేత. వీధిలోకి వస్తే కూరలావిడ నవ్వింది, మాట్లాడలేదు. మంగలి నవ్వాడు, మాట్లాడలేదు. నేను నడుస్తున్నాను, లక్షలమంది చూస్తున్నారు, నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. వదినా, నీ మీద మండిపడ్డాను. అదే క్షణంలో, మన కొట్టుకి ఎదురుగా మీరంతా ఆ దిక్కుమాలిన ఈకలు పెట్టుకుని గుడ్లప్పగించి నిలబడి ఉంటే, నవ్వూ ఆగలేదు. అది వాళ్ళు నేర్పిన నవ్వు కాదు.

మేడం నా చెవిలో, "ఎవరైనా ఒకరు, ఒక్క మాట, త్వరగా!" అంది. అప్పుడే మన గుమ్మంలో అమ్మ కనిపించింది. అమ్మకి ఎవరూ ఏమీ చెప్పి ఉండరు, చెప్పినా చెవిన వేసుకుని ఉండదు. మేడం గబగబా మైకు పట్టుకెళ్ళి అమ్మ గడ్డం కింద పెట్టింది. "మీ అమ్మాయి ఇంత పేరు తెచ్చుకుంది కదా, ఎలా ఉంది మీకు? అడుగు" అంది నాతో.

నేను మన మాటలో అడిగాను. అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, ఆ టోపీ తీసి అరుగు మీద పెట్టి, నా జుట్టు సవరించింది. "మా అబ్బాయి ఏడి?" అంది.

"ఏమంటున్నారు?" అంది మేడం, పళ్ళు కనపడేలా.

"దీవిస్తోంది" అనే మాట నా నోట్లో తయారుగా ఉంది. అన్నాళ్ళు అదే కదా నా పని. మేడంకి తెలియదు, చూసేవాళ్ళకి తెలియదు, ఆ ఒక్క ముక్క అనేస్తే అన్నయ్య ఇంటికొస్తాడు. అమ్మ నా ముఖం వంకే చూస్తోంది, తను అడిగింది నేను వాళ్ళకి చెబుతానని. ఆవిడ తరఫున ఈ లోకంతో మాట్లాడగలిగేది నేనొక్కదాన్నే కదా. ఆ అబద్ధానికి నా నోరు తిరగలేదు వదినా. సర్కారు భాషలో, కెమెరాలోకి చూసి చెప్పాను. "మా అబ్బాయి ఏడి, అని అడుగుతోంది."

మేడం నవ్వు అలాగే ఉండిపోయింది. అమ్మ మళ్ళీ అడిగింది, ఈసారి గట్టిగా. నేను మళ్ళీ చెప్పాను. తరవాత ఇక ఆపుకోలేకపోయాను. "మా అన్నయ్య ఈ బడిలోనే పంతులు. మా భాషలో పాఠం చెప్పినందుకు తీసుకెళ్ళారు. ఆ బోర్డు నిన్నమొన్న రాసింది. ఈ టోపీలు మావి కావు. నేను ఇన్నాళ్ళూ చెప్పినవి వాళ్ళు రాసిచ్చినవి." మేడం "ఆపు, ఆపు!" అని కెమెరా అబ్బాయి మీద అరిచింది. అతను ఆపే బటన్ కోసం వెతుక్కున్నాడు. రోజూ నొక్కే బటన్ అది, ఎందుకు కనపడలేదో నాకు తెలియదు.

ఇప్పుడు నేనీ గదిలో ఉన్నాను. కొట్టలేదు, తిట్టలేదు. మళ్ళీ వీడియో చెయ్యమంటున్నారు. "మా అమ్మకి మతి సరిగా లేదు, ఆవిడ మాట నేను తప్పుగా చెప్పాను" అనాలట. అలా అంటే అన్నయ్యని పది రోజుల్లో వదులుతారట. అనకపోతే ఎప్పటికి వదులుతారో చెప్పలేమన్నారు.

నేను అనలేదు. కానీ వదినా, ఆయన నాకు అన్న. నీకు మొగుడు, చంటిదానికి నాన్న. నువ్వేమంటావో తెలియకుండా నేను కాదని తెగేసి చెప్పలేకపోతున్నాను. జవాబు రాయి, ఈవిడ చేతికే ఇవ్వు.

నీ మరదలు

* * *

ఇల్లు.

బంగారూ,

నీ ఉత్తరం వచ్చేసరికి వాళ్ళు నా దగ్గరికీ వచ్చి వెళ్ళారు. మిషను జప్తు చేశారు. టోపీలు సరిగ్గా కుట్టలేదని కాబోలు. ఇప్పుడు చేత్తో కుడుతున్నాను. వీధిలో అందరూ ఉన్నట్టుండి గుండీలు ఊడగొట్టుకుంటున్నారు, చిరుగులు తెచ్చుకుంటున్నారు. కూరలావిడ కొత్త పరికిణీ తనే చించుకుని తెచ్చింది, నేను గుర్తుపట్టలేదనుకుంటోంది.

నవ్వు మేడం స్వయంగా వచ్చింది. నా బల్ల దగ్గరే కూర్చుని, "మీరొక్క మాట రాస్తే మీ మరదలు వింటుంది, మీ ఆయన వస్తాడు" అంది. కాగితం కూడా తనే ఇచ్చింది.

నీకు అబద్ధం రాయను. ఆవిడ వెళ్ళాక ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. "అనెయ్యమ్మా, మాటే కదా" అని రాశాను కూడా. ఆయన ఆ మూల కూర్చుని టీ ఊదుకుని తాగడం కళ్ళకి కట్టింది. నిజంగా చప్పుడు వినపడింది. ఎంత ధీమాగా మాట్లాడే ఆడదైనా ఎక్కడో ఒకచోట విరుగుతుంది, నేను అక్కడ విరిగాను.

తరవాత అత్తయ్యకి చెప్పాను. నిన్నేమనమంటున్నారో విని ఆవిడ, "అబ్బాయి కావాలంటే నేను పిచ్చిదాన్నని ఒప్పుకోవాలా?" అంది. "అవునత్తయ్యా." "ఒప్పుకుంటాను. దానికేం, పిచ్చిదాన్నే అనుకోనీ. కానీ నేనడిగింది మాత్రం తప్పెలా అవుతుందే? కన్నాను, కనపడటంలేదు, అడిగాను." అంది. కాగితం పొయ్యిలో పెట్టాను.

కాబట్టి నా మాట ఇది. నా మొగుణ్ణి ఎరవేసి నీ నోరు కట్టించడానికి నేను ఒప్పుకోను. నీ నోటికి నేను తాళం వెయ్యను. నీకేది తోస్తే అది చెయ్యి. నువ్వు అనేసినా నా మరదలివే, అనకపోయినా నా మరదలివే, ఆ బంధం తెంచడం ఏ ఆఫీసు వల్లా కాదు.

ఇంకోటి. లారీ బాబాయి పట్నంలో ఎవరి ఫోన్‌లోనో చూశాడట. నీ ఖాతాలో పాత వీడియోలు వేస్తున్నారు, పాటల పిల్లవి వేసినట్టే. కోళ్ళని తిట్టేది వేశారట. దాని కింద "బాగున్నావు" అని ఒక్కరూ రాయలేదు. ఏ దేశం వాళ్ళో ఏ భాష వాళ్ళో, కిందికి జరుపుతున్న కొద్దీ అందరిదీ ఒకటే ప్రశ్నట. "వాళ్ళ అబ్బాయి ఏడి?" చెరిపేస్తే మళ్ళీ రాస్తున్నారట. బాబాయి చెబుతూ తుమ్మాడు. ఆయనకి ఏడుపొస్తే తుమ్ము వస్తుందని ఇప్పుడు అర్థమైంది.

వదిన

* * *

అతిథి గృహం.

వదినా,

తొందరలో రాస్తున్నాను, జీపు వచ్చేసింది.

కాదన్నాను. మేడం చివరిసారి వచ్చి ఒంటరిగా కూర్చుంది. మొదటిసారి నవ్వకుండా మాట్లాడింది. "మా నాయనమ్మది కూడా వేరే మాటే. నాకు ఒక్క ముక్క రాదు. నాకేం తక్కువైంది? నీకెందుకింత పట్టుదల?" అంది. "మీ నాయనమ్మతో ఏం మాట్లాడేవాళ్ళు మీరు?" అని అడిగాను. వెక్కిరించడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ఆవిడ చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు కూడా వెయ్యలేదు.

నా ఖాతా మూసేశారట. లక్షలమందీ పోయారు. ఇప్పుడు నన్నెవరూ చూడటంలేదని తలుచుకుంటే భుజాలమీంచి బస్తా దింపినట్టుంది. తీరం దగ్గర చేతితొడుగుల ఫ్యాక్టరీకి పంపిస్తున్నారు. రెండేళ్ళట. ఫోను ముట్టుకోకూడదు, ఊరు దాటకూడదు. ప్యాకింగ్ పనట. చేసుకోలేమా ఏం?

అన్నయ్య సంగతి అడిగాను. "చూద్దాం" అన్నారు. బెదిరించలేదు, మాటివ్వలేదు. వాళ్ళ నోట "చూద్దాం" నేను ఇదివరకు వినలేదు.

అమ్మని జాగ్రత్తగా చూసుకో. చంటిదానికి ముద్దులు.

మరదలు

* * *

ఇల్లు.

మరదలు పిల్లకి,

ఫ్యాక్టరీ చిరునామా బాబాయి కనుక్కున్నాడు. ఆయన లారీ అటు వెళ్ళదు, అటు వెళ్ళే ఇంకో లారీ ఆయన్ని పట్టుకుని బతిమాలి కుదిర్చాడు. ఈ కోటు లైనింగు విప్పేశావుగా, ఇక కూర్చో. మంచి కబురే, కానీ నిలబడి చదివేది కాదు.

మీ అన్నయ్యని చూశాం.

వదల్లేదు. ఆ మాట ముందే చెబుతున్నాను, ఆశపడకు. కానీ బయటి దేశాల నుంచి అడుగుతున్నవాళ్ళు ఎక్కువయ్యారో ఏమో, "కుటుంబం వచ్చి చూసుకోవచ్చు" అని కబురొచ్చింది. అత్తయ్యనీ చంటిదాన్నీ తీసుకుని బస్సెక్కాను. పెద్ద గోడ, ఇనుప గేటు, లోపల మాత్రం శుభ్రమైన గది. బల్లకి అటు ఆయన, ఇటు మేము. పక్కన ఒక ఆఫీసరు, తలుపు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళు. ఆఫీసరు ముందే చెప్పాడు, "సర్కారు భాషలోనే మాట్లాడాలి. వేరే మాట వినపడితే అక్కడితో ఆపేస్తాం."

ఆయన వచ్చాడు. చిక్కాడు, నువ్వు చెప్పినంతా నిజమే. జుట్టు తీసేశారు. చంటిది ముందు గుర్తుపట్టలేదు, తరవాత బల్ల కింది నుంచి దూరి అటువైపు వెళ్ళిపోయింది. కాపలావాడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నేను సర్కారు భాషలో "ఎలా ఉన్నారు?" అన్నాను. ఆయన "బాగున్నాను" అన్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత కొత్తగా మాట్లాడుకోలేదు మేమిద్దరం. నీ సంగతి ఆయనకి తెలుసో లేదోనని, "మీ చెల్లెలు చేతితొడుగులు ప్యాక్ చేస్తోంది" అన్నాను. "తెలుసు" అన్నాడు. "ఇక్కడ అందరికీ తెలుసు." ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నువ్వు చూడాల్సింది.

ఇంతలో అత్తయ్య మొదలుపెట్టింది. ఆవిడకి సర్కారు భాష ఒక్క ముక్క రాదని వాళ్ళెవరికీ తట్టలేదు. "ఏంరా, జుట్టేది? ఎవడు కోశాడు? మెడ మీద ఆ గాటేమిటి? ముద్ద పెడుతున్నారా లేదా? ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నావు, చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంతలా లేవు" అని మన మాటలో, మన వీధిలో అరిచినట్టే అరుస్తోంది. ఆఫీసరు "అమ్మా, ఆపండి" అన్నాడు. ఆవిడకి అర్థమైతే కదా. మళ్ళీ అన్నాడు, బల్ల మీద కొట్టాడు. బల్ల మీద ఈగ వాలిందేమో అనుకుని అత్తయ్య అటొకసారి చూసి మళ్ళీ కొడుకు వైపు తిరిగింది. పెదనాన్న పోయిన సంగతి, ఆవు ఈనిన సంగతి, నా మిషను పోయిన సంగతి, కూరలావిడ పరికిణీ సంగతి, అన్నీ చెబుతోంది. కాపలావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మమ్మల్ని గెంటేస్తే ఆ కబురూ బయటి దేశాలకి వెళుతుందని భయం కాబోలు. అరవై ఏళ్ళు దాటిన మనిషి నోరు చేత్తో ఎలా మూస్తారు? నోటితో ఆపమందామంటే, ఆవిడకి అర్థమయ్యే భాష వాళ్ళలో ఒక్కడికీ రాదు.

చివరికి ఆఫీసరు విసుగెత్తి మీ అన్నయ్యతో, "నువ్వే చెప్పు, మీ మాటలోనే చెప్పు, ఆపమని" అన్నాడు.

ఆయన లేచి, పంతులు గొంతుతో, అన్నాళ్ళకి మన మాట నోరారా మాట్లాడాడు. "ఇంకా చెప్పమ్మా" అన్నాడు. "ఆపకు."

అత్తయ్య ఆపలేదు.

వదిన